కౌరీ చెట్టు, మన బూట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో న్యూజిలాండ్ ఉత్తర ప్రాంతంలోని వైపౌవా అడవి గురించి, అక్కడి కౌరీ మహావృక్షాల గురించి రాశాను. ఉత్తరాలు బాగానే వచ్చాయి. వాటిలో సగం బూట్లు కడగడం గురించే కావడం చూసి నవ్వుకున్నాను, ఎందుకంటే నేను కూడా అక్కడే చీవాట్లు తిన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్లు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, పదవీ విరమణ తరువాత ఏటా కొన్ని నెలలు ఆక్లాండ్‌లో అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. వైపౌవాకు ఇప్పటికి ఏడుసార్లు వెళ్లాను. కౌరీ మీద పరిశోధన చేసినదాన్ని మాత్రం కాదు. ఆ హద్దులోనే ఈ జవాబులు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి కూడా ఆక్లాండ్‌లోనే ఉన్నాడు. జనవరిలో వెళ్తున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి గుండె ఆపరేషన్ అయింది. అడవిలో కిలోమీటర్లు నడవకుండా ఆ పెద్ద చెట్టును చూడగలమా?

జవాబు: చూడగలరమ్మా. టానే మహుతా అనే ఆ చెట్టు 12వ నంబరు రహదారికి ఆనుకునే ఉన్నట్టు లెక్క. కారు ఆపిన చోటి నుంచి చెక్కలు పరిచిన బాట మీద ఐదు నిమిషాల నడక. మీ నడకకు పది వేసుకోండి, తొందరేమీ లేదు. అసలు కష్టం నడక కాదు, ప్రయాణం. ఆక్లాండ్ నుంచి కారులో మూడున్నర గంటలు పడుతుంది. చివరి భాగమంతా అడవిలో మలుపులే. ఒక్కరోజులో వెళ్లి రావాలని పిల్లలు అంటే ఒప్పుకోకండి. హోకియాంగా తీరాన ఓమాపెరె, ఓపోనోని అనే చిన్న ఊళ్లున్నాయి. అక్కడ ఒక రాత్రి ఉండి పొద్దున్నే బయలుదేరితే అరగంటలోపు చెట్టు దగ్గర ఉంటారు. పెట్రోలు ముందే పోయించుకోండి, అడవిలో బంకులు లేవు. ఫోను సిగ్నల్ మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

ఇక చెట్టు. మొదటిసారి నేను దాన్ని చూసి కూడా చూడలేదు. బాట మలుపు తిరిగింది. ఆకుల సందుల్లోంచి బూడిదరంగు గోడ ఒకటి కనిపించింది. అడవి మధ్యలో నీళ్ల ట్యాంకు కట్టారేమిటి, అనుకున్నాను. ఇంకో నాలుగు అడుగులు వేశాక ఆ గోడ పైకి పోతూనే ఉంది. అప్పుడు తెలిసింది అది మాను అని. మామూలు చెట్టు మొదట్లో లావుగా ఉండి పైకి పోను పోను సన్నబడుతుంది కదా. ముదిరిన కౌరీ అలా సన్నబడదు. మొదటి కొమ్మ దాకా ఒకే లావు, గుడి స్తంభంలా. ఆ మొదటి కొమ్మ ఉన్నది 17.68 మీటర్ల ఎత్తున, అంటే అయిదంతస్తుల మేడ ఎత్తున. మాను చుట్టుకొలత 13.77 మీటర్లని అక్కడ చెబుతారు.

బైనాక్యులర్స్ ఉంటే తీసుకువెళ్లండి. చెట్టుకు కాస్త దూరంలోనే నిలబెడతారు కాబట్టి బెరడును దానితోనే చూడాలి. కంసాలి సుత్తితో కొట్టిన రాగి పళ్లెం మీద ఉండే గుంటల్లాంటి గుండ్రటి గుర్తులు బెరడంతా కనిపిస్తాయి. అవి బెరడు పెచ్చులు ఊడిన చోట్లు. కౌరీ తన బెరడును ఎప్పటికప్పుడు పెచ్చులుగా రాల్చేస్తుంది. పాకుదామని వచ్చిన తీగకు పట్టు చిక్కేలోపే ఆ పెచ్చుతో సహా కింద పడుతుంది. పడుచు వయసులోనే కింది కొమ్మల్ని కూడా తానే విడిచేస్తుంది, మాను మీద మచ్చ కూడా మిగలకుండా. ఇంత శుభ్రంగా పైకి పోయి, అక్కడ మాత్రం సత్రం తెరిచేస్తుంది. కొమ్మల పంగల్లో రాలిన ఆకులు కుళ్లి మట్టవుతాయి. ఆ మట్టిలో ఫెర్నులు, ఆర్కిడ్లు, చిన్న పొదలు నేల మీద ఉన్నట్టే పెరుగుతుంటాయి. మీ మెడ నొప్పి పుట్టేదాకా చూడవచ్చు.

ఓపిక మిగిలితే అదే రోడ్డు మీద కాస్త దక్షిణాన ఆగి టె మటువా నహెరెను కూడా చూడండి. అడవి తండ్రి అని ఆ పేరుకు అర్థం. ఇది ఒకవైపే ఇరవై నిమిషాల నడక, తిరిగి అంతే. ఎత్తు తక్కువ, 30 మీటర్లకు అటూ ఇటూ. చుట్టుకొలత మాత్రం 16.41 మీటర్లు. 2007 తుఫానులో దెబ్బ తిన్నది. టానే మహుతా అందగాడు, పెళ్లికొడుకులా నిలబడతాడు. ఈ తండ్రి పొట్టిగా, బండగా, విరిగిన కొమ్మలతో ఉంటాడు. నాకు ఈయనే ఇష్టం.

ప్రశ్న: మేడమ్, విమానాశ్రయంలో మా ట్రెక్కింగ్ బూట్లు విప్పించి చూశారు. సరే అనుకున్నాం. అడవి గుమ్మం దగ్గర మళ్లీ బ్రష్‌తో రుద్దమన్నారు. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ! మా బూట్లు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. ఇది పర్యాటకుల కోసం చేసే తంతు కాదా?

జవాబు: తంతు కాదు బాబూ. విమానాశ్రయం సంగతి వేరు. బయటి మట్టి, విత్తనాలు దేశంలోకి రాకుండా అక్కడ చూస్తారు. వాడిన బూట్లు ఉన్నాయని చెప్పకుండా దొరికితే 400 న్యూజిలాండ్ డాలర్లు అక్కడికక్కడే జరిమానా. అడవి గుమ్మం దగ్గరిది దేశం లోపలే, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లే జబ్బు కోసం.

ఆ జబ్బు పేరు కౌరీ డైబ్యాక్. తెచ్చేది ఫైటోఫ్తోరా అగతిడిసిడా అనే సూక్ష్మజీవి. దీన్ని బూజు అంటాం కానీ అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల జాతికి చెందింది. బంగాళాదుంప పంటను మాడ్చే తెగులు దీనికి దాయాది. 1970లలోనే ఒక దీవిలో జబ్బుపడ్డ చెట్లను గమనించారు. అది వేరే జాతి అని తేల్చి ఈ పేరు పెట్టేసరికి 2015 వచ్చింది. నేల తడిగా ఉన్నప్పుడు దీని సిద్ధబీజాలు రెండు తోకలతో ఈదుకుంటూ వేళ్లను వెతుక్కుంటాయి. వేళ్లలోకి దిగి అక్కడి కణజాలాన్ని చంపుతాయి. నీరు, పోషకాలు పైకి అందవు. ఆకు పసుపుపచ్చగా మారుతుంది, తల పలచబడుతుంది, మాను మొదట్లో పుండులాంటి చోట నుంచి జిగురు కారుతుంది. తరువాత చెట్టు నిలువునా ఎండుతుంది. ఫాస్ఫైట్ మందును మానులోకి ఎక్కిస్తే జబ్బు నెమ్మదిస్తుంది, నయం కాదు. గట్టి పెంకు ఉన్న బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. గుండుసూది తలంత మట్టి చాలు, ఒక చెట్టుకు జబ్బు అంటడానికి. ఆ మట్టిని మోసేది ఎక్కువగా మనిషి బూటు, అడవిపంది గిట్ట.

మరి లోపలికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎందుకంటారా? వెళ్లేటప్పుడు కడిగేది ఈ చెట్టు కోసం. వచ్చేటప్పుడు కడిగేది మీరు తరువాత వెళ్లబోయే అడవి కోసం.

నా సంగతి చెబుతాను. మూడోసారి వెళ్లినప్పుడు మీలాగే నా బూట్లు శుభ్రంగా ఉన్నాయనే అనుకున్నాను. ముందురోజు అబ్బాయి పెరట్లో వాటితోనే తిరిగాను, కానీ పైన తుడిచాను కదా. రెండుసార్లు బ్రష్ మీద ఆడించి, మందు చిమ్మే పలక మీద నిలబడబోయాను. అక్కడ కాపలాగా ఉన్న కుర్రవాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, "అమ్మా, ఒక్క నిమిషం, కాలు ఎత్తండి" అన్నాడు. గోడ పట్టుకుని ఎత్తాను. ఒక చిన్న పుల్లతో మడమ దగ్గరి గాడిలోంచి మట్టి పెళ్లను తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. చింతగింజంత. అందులో ఒక గడ్డి వేరు ఇంకా తెల్లగా, బతికి ఉంది. "మందు మట్టి పైనే ఆగిపోతుంది, లోపలికి పోదు. అందుకే ముందు రుద్దాలి, తరువాతే మందు" అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు వేళ్ల గురించి పాఠాలు చెప్పినదాన్ని, నా బూటు కింద వేరును నేను చూడలేదు. వెనక వరుసలో మా కోడలు వింటూ ఉంది. అదింకో బాధ.

అప్పటి నుంచి నా బ్యాగులో ఒక పాత టూత్‌బ్రష్, ఒక పుల్ల ఉంటాయి. మీరూ పెట్టుకోండి. అడుగున లోతైన గాళ్లున్న ట్రెక్కింగ్ బూట్లు అసలు తీసుకువెళ్లకండి. చెక్కబాట మీద నడవడానికి అవి అక్కరలేదు, నున్నటి అడుగు ఉన్నవి చాలు. 2022 ఆగస్టు నుంచి ఇది చట్టం కూడా. కౌరీ అడవిలోకి వెళ్లేవారి బూట్లకు, సామానుకు మట్టి ఉండకూడదు.

ప్రశ్న: చెట్టును ఒకసారి కౌగిలించుకోవచ్చా? ఎవరూ చూడకపోతే?

జవాబు: వద్దు. ఎవరూ చూడకపోయినా.

ప్రశ్న: ఎందుకు వద్దో చెప్పండి. చెట్టును ముట్టుకుంటే దానికేమవుతుంది? (ఈ ఉత్తరం వేరొకరిది. పై ప్రశ్నకు నేను ఇంత ముక్తసరిగా జవాబిస్తానని ముందే ఊహించినట్టుంది.)

జవాబు: ముట్టుకుంటే ఏమీ కాదు. ముట్టుకోవడానికి నడిచి వెళ్తారే, దానితోనే ఇబ్బంది. అంత పెద్ద చెట్టు కదా, వేళ్లు పాతాళంలో ఉంటాయనుకుంటాం. నిలబెట్టే లావు వేళ్లు లోతుకే పోతాయి. కానీ తిండి తీసుకునే సన్నటి వేళ్లు నేల పైపొరలోనే, రాలిన ఆకు, బెరడు పెచ్చులు కుళ్లి తయారైన మెత్తటి పరుపులోనే అల్లుకుని ఉంటాయి. దారాల్లాంటి వేళ్లు. వాటి మీద మనిషి నిలబడితే నలిగిపోతాయి, ఆ పరుపు గట్టిపడుతుంది. అలా నలిగిన చోటే జబ్బుకూ దారి. ఈ వేళ్లు కొమ్మల నీడ దాకానే ఆగవు, ఆ నీడకు మూడింతల దూరం దాకా పోతాయి. అందుకే మీరు చెట్టుకు చాలా దూరంలో ఉన్నామనుకున్న చోట కూడా చెక్కబాట నేలకు ఎత్తుగా, స్తంభాల మీద ఉంటుంది. ఆ బాట మీకు బురద అంటకుండా వేసినది కాదు. టానే మహుతా ముందు నిలబడి అందరూ తల ఎత్తి చూస్తుంటారు. నేను మాత్రం ఈ మధ్య బాట చెక్కల సందుల్లోంచి కిందికి చూస్తున్నాను. చెట్టు తింటున్నది అక్కడ.

ప్రశ్న: రెండు వేల ఏళ్ల వయసని రాశారు. ఎవరు లెక్కపెట్టారు? ప్రతి పెద్ద చెట్టుకూ ఇలా నోటికి వచ్చిన వయసు చెప్పడం మామూలే కదా.

జవాబు: మీ అనుమానంతో నాకు పేచీ లేదు. టానే మహుతా వయసు 1,250 నుంచి 2,500 ఏళ్ల మధ్య అని అంచనా. అంటే అంచనాలోని తేడానే పన్నెండు వందల ఏళ్లు! కౌరీ ఏటా ఒక వలయం వేస్తుంది కాబట్టి సన్నటి బోలు సూదితో మానులోంచి కడ్డీలాంటి ముక్క తీసి లెక్కపెట్టవచ్చు. కానీ ఇంత ముసలి కౌరీల మధ్యభాగం తరచుగా కుళ్లి బోలుగా ఉంటుంది, లెక్కించడానికి వలయాలే ఉండవు. లావును బట్టి వయసు చెబుదామంటే, నీడలో పెరిగిన చెట్టు, ఎండలో పెరిగిన చెట్టు ఒకే లావుకు ఒకే కాలంలో రావు. అందుకే అంత వెడల్పాటి అంచనా. గత వ్యాసంలో నేను "రెండు వేల ఏళ్ల" అని ఒక్క మాటలో తేల్చేశాను. అది పాఠం చెప్పే అలవాటు.

బతికి ఉన్న చెట్ల వయసు తేలకపోయినా చచ్చిన కౌరీలు మాత్రం కచ్చితమైన లెక్కలు చెబుతాయి. ఉత్తర ప్రాంతపు బురద నేలల్లో వేల ఏళ్ల కిందట కూలిన కౌరీలు కుళ్లకుండా ఉండిపోయాయి, రంపంతో కోస్తే కొత్త చెక్కలా. 2019లో ఙావా అనే చోట భూతాప విద్యుత్ కేంద్రం కోసం తవ్వుతుంటే ఒక దుంగ దొరికింది. పదహారు మీటర్ల పొడవు, అరవై టన్నుల బరువు. అది దాదాపు 42,000 ఏళ్ల కిందటిది. పదిహేడు వందల ఏళ్లు బతికింది. సరిగ్గా ఆ కాలంలోనే భూమి అయస్కాంత క్షేత్రం బాగా బలహీనపడి ధ్రువాలు తాత్కాలికంగా తారుమారయ్యాయి. ఆ క్షేత్రం బలహీనపడితే అంతరిక్ష కిరణాల తాకిడి ఎక్కువై గాలిలో రేడియో కార్బన్ అనే అరుదైన కార్బన్ రకం పెరుగుతుంది. అది ఎలా పెరిగిందో ఆ చెట్టు తన వలయాల్లో ఏటికేడాది దాచి పెట్టుకుంది. 2021లో సైన్స్ పత్రికలో ఆ పరిశోధన వచ్చింది. అందులో వాతావరణం మీద చేసిన పెద్ద పెద్ద వాదనల్ని కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. వలయాల లెక్కకు మాత్రం తిరుగులేదు.

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్లు. అంత పెద్ద చెట్టుకు దాహం వేస్తే నీళ్లు ఎవరు పోస్తారు?

జవాబు: చాలా మంచి ప్రశ్న, కన్నా. మామూలుగా వానే పోస్తుంది. అక్కడ వానలు బాగా పడతాయి. కానీ 2013లో వానలు ముఖం చాటేశాయి. టానే మహుతా ఆకులు వాడినట్టు కనిపించేసరికి దగ్గర్లోని వాగు నుంచి పది వేల లీటర్ల నీళ్లు తెచ్చి దాని మొదట్లో పెట్టారు. పది వేల లీటర్లంటే మీ ఇంటి బకెట్లతో ఎన్నో నాన్నగారిని లెక్క వేయమను.

ఇంకో సంగతి చెబుతాను. ఆక్లాండ్‌కు పడమర అడవిలో ఒక కౌరీ మొద్దు ఉంది. కొమ్మ లేదు, ఒక్క ఆకు కూడా లేదు. ఆకు లేనిది తిండి ఎలా వండుకుంటుంది? చచ్చిపోవాలి కదా! చావలేదు. ఆక్లాండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఇద్దరు అటు నడుస్తూ దాన్ని చూసి, పక్క చెట్లకూ దీనికీ నీటి కదలికను కొలిచే పరికరాలు పెట్టారు. పక్క కౌరీల వేళ్లు దీని వేళ్లతో అతుక్కుపోయి ఉన్నాయి. పగలు ఆ చెట్లు ఎండలో నీళ్లు తాగుతున్నప్పుడు మొద్దు ఊరుకుంటుంది. రాత్రి అవి ఆగాక మొద్దులో నీరు కదులుతుంది. 2019లో ఈ సంగతి ప్రకటించారు. అన్నం తినడానికి పక్కింటికి వెళ్లే తాతయ్య అనుకో. పక్కింటివాళ్లకు దీనివల్ల లాభమేమిటన్నది పెద్దవాళ్లు ఇంకా వాదించుకుంటున్నారు. నువ్వు పెద్దయ్యాక తేల్చు.

ప్రశ్న: మావోరీలకు ఆ చెట్టు దేవుడని విన్నాం. మేమూ చెట్టును పూజించేవాళ్లమే. పూలు, పసుపు, కుంకుమ సమర్పించుకోవచ్చా?

జవాబు: మీ మనసు అర్థమైంది. కానీ మొదట్లో ఏమీ పెట్టకండి. ఆ వేళ్ల పరుపు మీదికి మనం తెచ్చినదేదీ వెళ్లకూడదు. దండం పెట్టుకోవచ్చు, దానికి ఎవరూ కాదనరు.

న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల సృష్టి కథలో తండ్రి రంగినుయి ఆకాశం, తల్లి పాపాటూఆనుకు భూమి. ఇద్దరూ విడిపోకుండా గట్టిగా హత్తుకుని ఉండడం వల్ల మధ్యలో పిల్లలు చీకట్లో నలిగిపోతుంటారు. వారిలో టానే అనేవాడు వెల్లకిలా పడుకుని, భుజాలు తల్లికి ఆనించి, కాళ్లతో తండ్రిని పైకి తన్ని ఎత్తేస్తాడు. అప్పుడు వెలుతురు వస్తుంది. అడవికి, పక్షులకు అధిపతి ఆ టానే. కౌరీ మానును కింద నుంచి చూస్తే ఆ కాళ్లు ఎందుకు అలా ఊహించారో తెలుస్తుంది. నేలకు ఆని ఆకాశాన్ని తోస్తున్న కాలే అది. వైపౌవాను తరతరాలుగా చూసుకుంటున్నది టె రోరోవా తెగవారు. నా బూటు కింద మట్టి తీసిన కుర్రవాడు వారి మనిషే. అక్కడ వారిని పలకరించండి. తొందరలో లేకపోతే కథ వారే చెబుతారు, నాకంటే బాగా.

ప్రశ్న: అంత గొప్ప చెట్లయితే ఇంత తక్కువ మిగిలాయేమిటి?

జవాబు: గొప్పవి కాబట్టే. ఒకే లావుతో, ముడి లేకుండా, నిటారుగా పెరిగిన మానును చూసి బ్రిటిష్ నావికులు ముందుగా ఓడ స్తంభాలనుకున్నారు. తరువాత ఇళ్లు, వంతెనలు, పడవలు అన్నీ దానితోనే. కొండవాగులకు చెక్కతో ఆనకట్ట కట్టి, దుంగలన్నీ దాని వెనక పేర్చి, ఒక్కసారిగా తెరిచి వరదలో కిందికి తోసేవారు. చెట్టు జిగురుకూ గిరాకీయే. వార్నిష్‌లో, లినోలియంలో వాడేవారు. భూమిలో పాతుకుపోయిన జిగురు గడ్డల్ని ఈటెల్లాంటి ఇనుప చువ్వలతో గుచ్చి వెతికి తవ్వుకున్నారు. ఆ పనికి ఇప్పటి క్రొయేషియా తీరమైన డాల్మేషియా నుంచి వేలమంది వచ్చారు. ఇక పొలాల కోసం పెట్టిన మంటలు సరేసరి. కైరారు అని ఒక కౌరీ ఉండేది. చుట్టుకొలత 20.1 మీటర్లు, అంటే టె మటువా నహెరె కూడా దాని ముందు తమ్ముడే. 1880లలోనో 1890లలోనో కాలిపోయింది. ఒకప్పుడు 12 లక్షల హెక్టార్లలో ఉన్న అడవిలో ముదురు కౌరీలతో ఉన్నది ఇప్పుడు కొన్ని వేల హెక్టార్లే.

వైపౌవా కూడా పోవలసిందే. విలియం మెక్‌గ్రెగర్ అనే జంతుశాస్త్ర ఆచార్యుడు, ఆయన వెంట వేలమంది సంతకాలు పెట్టి పోరితే 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు.

ప్రశ్న: ఫొటోలో చెట్టంతా పట్టడం లేదు. చిట్కా ఉందా?

జవాబు: లేదు. పట్టదు. బాట మీద ఎవరినైనా నిలబెట్టి మాను మొదలు, ఆ మనిషి మాత్రమే తీయండి. ఎర్ర చొక్కా వేసుకున్నవారైతే మేలు.

ప్రశ్న: జబ్బు మోసేది మనుషులేనని మీరే రాశారు. మళ్లీ వెళ్లి చూడండని మీరే రాస్తున్నారు. ఇది న్యాయమేనా? అడవిని మూసేయవచ్చు కదా?

జవాబు: ఈ ఉత్తరాన్ని వారం రోజులు బల్ల మీద పెట్టుకున్నాను. మూసేసిన చోట్లూ ఉన్నాయి. ఆక్లాండ్ పక్కన వైటాకెరె కొండల్లో జబ్బు బాగా ముదిరాక 2017 డిసెంబరులో అక్కడి టె కవెరౌ ఆ మాకి తెగవారు రాహుయి ప్రకటించారు. రాహుయి అంటే ఒక చోటు కోలుకునేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదనే కట్టుబాటు. నగర పాలక మండలి మొదట వెనకాడి, 2018లో ఆ అడవిని మూసింది. బాటలు బాగుచేసి కొన్నింటిని మళ్లీ తెరుస్తూ వస్తున్నారు. ఆ కొండలు అబ్బాయి ఇంటికి దగ్గర. మూసినప్పుడు నేను సణిగినవారిలో ఉన్నాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. 2018లోనే టానే మహుతాకు అరవై మీటర్ల దూరంలో ఒక చెట్టుకు జబ్బు సోకినట్టు తేలింది. అరవై మీటర్లంటే మా వీధి చివరి ఇల్లు.

అయినా టానే మహుతాను, టె మటువా నహెరెను చూడడానికి వెళ్లవచ్చనే అంటాను. అక్కడ కాలు నేలకు తగలని బాట ఉంది, బూట్లు చూసే మనిషి ఉన్నాడు. ఆ రెండూ లేని చోట, కాలిబాట ఎంత ఊరించినా, కౌరీ ఉన్న అడవిలోకి నేను వెళ్లను. పేరు తెలియని పెద్ద చెట్టును చూపిస్తానని ఎవరైనా తీసుకువెళ్లినా వెళ్లను. ఒకప్పుడు వెళ్లాను. 2009లో, ఈ గొడవేమీ నా చెవిన పడకముందు, ఒక చిన్న అడవిలో బాట దిగి, కౌరీ మొదట్లో ఆ మెత్తటి పరుపు మీద కూర్చుని ఫొటో దిగాను. పట్టు పరుపులా ఉందని పక్కవాళ్లతో అన్నాను కూడా. ఆ ఫొటో ఆల్బంలో ఉంది. చెట్టు ఎలా ఉందో వెళ్లి చూసే ధైర్యం నాకు లేదు. ఆ దారి ఇప్పుడు మూసి ఉంది కాబట్టి ఆ ధైర్యం అవసరమూ రాలేదు.

మూసినవి, తెరిచినవి మారుతుంటాయి. బయలుదేరే రోజు అక్కడి ప్రకృతి పరిరక్షణ శాఖ ప్రకటన చూసుకునే కారు ఎక్కండి. బాటకు అడ్డంగా కంచె కనిపిస్తే వెనక్కి తిరగండి, పక్క నుంచి దారి ఉందేమోనని వెతకకండి.

ప్రశ్న: మీ వ్యాసంలో టానే మహుతా ఎత్తు 51 మీటర్లన్నారు. నేను వేరే చోట 45 అని చదివాను. ఏది తప్పు?

జవాబు: నాది పాత లెక్క. 51.2 మీటర్లన్నది చాలాకాలంగా చెబుతూ వస్తున్న సంఖ్య. 2002లో కొందరు ఆ చెట్టెక్కి, టేపుతో నేరుగా కొలిస్తే 45.2 మీటర్లు వచ్చింది. అదే కొలతలో చుట్టుకొలత 15.44 అని తేలింది, పాత 13.77 కంటే ఎక్కువ. అడవిలో చెట్టు కొసను కింద నుంచి చూసి ఎత్తు కట్టడంలో పొరపాటు సులువుగా వస్తుంది. ఇక మాను చుట్టూ టేపును ఏ ఎత్తులో తిప్పారన్నదాన్ని బట్టే చుట్టుకొలత మారిపోతుంది. చెట్టెక్కిన వారి మాటే నేను నమ్ముతాను. పై జవాబులో 13.77 అని "అక్కడ చెబుతారు" అన్నది అందుకే. గత సంచికను ఎవరైనా దాచుకుని ఉంటే 51 కొట్టేసి 45.2 అని రాసుకోండి. పెన్సిల్‌తోనే రాయండి, గాలివానకు ఏ కొస ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.